బ్యాకప్ పీబీఎక్స్‌కి లైసెన్సు, దూరం నుంచి లాగిన్: ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
నమస్కారం. మాది చిన్న నర్సింగ్ హోమ్. రిసెప్షన్, వార్డులు, అంబులెన్స్ ఫోన్లన్నీ ఒకే ఫ్రీపీబీఎక్స్ సర్వర్ (పీబీఎక్స్, అంటే సంస్థలోపలి ఫోన్ ఎక్స్ఛేంజీలా పనిచేసే కంప్యూటర్) మీద నడుస్తున్నాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఎలా ముంచిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకే బరంపురంలో మా బావగారి ఆఫీసులో రెండో సర్వర్ పెడుతున్నాం. అక్కడ నెట్ 4జీ రౌటర్ మీదే. మొదటి సర్వర్‌కి కొన్న మాడ్యూళ్ళకి (అదనపు సౌకర్యాలిచ్చే సాఫ్ట్‌వేర్) రెండోదానికోసం మళ్ళీ డబ్బు కట్టాలా? ఇక్కడినుంచి లాగిన్ అవ్వడానికి రౌటర్‌లో పోర్టు (బయటినుంచి లోపలికి వచ్చే దారి) తెరిస్తే చాలా?

జవాబు (జయపురం నుంచి)
పోర్టు మాత్రం తెరవకండి. 2025 ఆగస్టులో, అడ్మిన్ పేజీ నెట్‌కి తెరిచి ఉన్న ఫ్రీపీబీఎక్స్ సర్వర్లలోకి హ్యాకర్లు పాస్‌వర్డ్ లేకుండానే దూరారు. సీవీఈ-2025-57819 (ఆ లోపానికి ఇచ్చిన నంబరు) అని వెతికితే వివరాలు దొరుకుతాయి. ఇలా దూరినవాళ్ళు రాత్రికి రాత్రి విదేశాలకి కాల్స్ కొట్టి బిల్లు మన నెత్తిన వేస్తారు.

పైగా 4జీ సిమ్‌కి మామూలుగా సొంత పబ్లిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరగల నెట్ అడ్రస్) ఉండదు. రౌటర్‌లో 10తోనో 100.64తోనో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే పోర్టు తెరిచినా బయటినుంచి ఎవరూ రాలేరు. కాబట్టి సర్వరే బయటికి కనెక్ట్ కావాలి. చిన్న క్లౌడ్ వీపీఎస్ (నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్) తీసుకుని దాని మీద వైర్‌గార్డ్ (నెట్ మీద సురక్షితమైన సొంత దారి వేసే వీపీఎన్ సాఫ్ట్‌వేర్) పెట్టండి, దాని పోర్టు యూడీపీ 51820. బరంపురం వైపు కాన్ఫిగ్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 అని రాయడం మరవొద్దు. అది లేకపోతే కాసేపు డేటా కదలకపోయేసరికి నెట్‌వర్క్ ఆ దారి మూసేస్తుంది, ఇటునుంచి ఎంత ప్రయత్నించినా సర్వర్ పలకదు.

ఆ వైర్‌గార్డ్ హబ్‌ని (అందరూ కనెక్ట్ అయ్యే ఆ సర్వర్‌ని) క్లౌడ్‌లో కాక ఆసుపత్రిలోనే పెడదాం అనిపిస్తుంది. వద్దండి. పర్లాకిమిడిలో కరెంటు, ఫైబర్ పోయిన రోజే కదా బ్యాకప్‌తో పని! హబ్ కూడా అక్కడే ఉంటే ఆ రోజు దారే ఉండదు. లాగిన్ అయ్యే ప్రతి మనిషికీ వేరే కీ ఇవ్వండి, టెక్నీషియన్ మానేస్తే అతనిది ఒక్కటే తీసేయొచ్చు.

ఇక లైసెన్సు. ఆస్టరిస్క్ (ఫ్రీపీబీఎక్స్ కింద కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్), ఫ్రీపీబీఎక్స్ అసలు భాగం ఓపెన్ సోర్స్, ఎన్ని మెషీన్లలోనైనా పెట్టుకోవచ్చు. కొన్న మాడ్యూళ్ళు డిప్లాయ్‌మెంట్ ఐడీకి (ఒక్కో సర్వర్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్), ఆ హార్డ్‌వేర్‌కి ముడిపడి ఉంటాయి. బ్యాకప్ రీస్టోర్ చేస్తే ఎక్స్‌టెన్షన్లు, రూట్లు వస్తాయి, లైసెన్సు రాదు.

ప్రశ్న అడిగినవారు
అన్నా, డిస్క్ మొత్తం క్లోన్ చేస్తే?

జవాబు (జయపురం నుంచి)
హార్డ్‌వేర్ మారిందని లాక్ పడుతుంది. రెండోదానికి వేరే ఐడీ తీసుకుని, స్టాండ్‌బైకి ధర ఎంతో అమ్మినవాళ్ళనే అడగండి. ఇంకో మాట: అంబులెన్స్ నంబర్ మోగే రూట్‌లో కొన్న మాడ్యూల్ ఏదీ రాకుండా చూడండి. మామూలు ఇన్‌బౌండ్ రూట్ (బయటి కాల్ ఎటు వెళ్ళాలో చెప్పేది), రింగ్ గ్రూప్ (కొన్ని ఫోన్లని కలిపి మోగించేది) చాలు. లైసెన్సు తేడా వచ్చినా ఆ ఫోన్ మోగి తీరాలి.

జవాబు (రాయగడ నుంచి)
బరంపురం సర్వర్‌లో రీస్టోర్ చేసేటప్పుడు ట్రంకుల్ని (బయటి కాల్స్ వచ్చే ఫోన్ కంపెనీ లైన్లు) డిసేబుల్ చేయండి. రెండు సర్వర్లూ ఒకే ట్రంక్‌కి రిజిస్టర్ అయితే కాల్స్ బరంపురం పోయి, ఆసుపత్రిలో ఫోన్లు మోగవు. ఫోన్లలో రెండో సర్వర్ అడ్రస్ కూడా ముందే రాసి, రద్దీ లేని ఓ మధ్యాహ్నం మెయిన్ సర్వర్ నెట్ వైరు పీకండి. బరంపురంలో ట్రంక్ ఆన్ చేసి, బయటి మొబైల్ నుంచి అంబులెన్స్ నంబర్‌కి కాల్ కొట్టి చూడండి. ఇది వానాకాలం ముందే చేయాలి.