పాత పోలో జీటీ టీఎస్‌ఐ డీఎస్‌జీ: కొనొచ్చా, వదిలేయాలా?

హనుమకొండ లెక్చరర్

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక 2016 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ చూశాను. దాని గేర్‌బాక్సు డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. ఏపీ 16 నంబరు, సెకండ్ ఓనర్, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. 4.6 లక్షలు చెబుతున్నాడు, కూర్చుని మాట్లాడితే కొంచెం దిగేలా ఉన్నాడు. నా బడ్జెట్ మొత్తం కలిపి 5 లక్షలు.

నేను రోజూ హనుమకొండ నుంచి జనగామ కాలేజీకి వెళ్లి వస్తాను. దాదాపు అంతా హైవేనే. నా భార్య ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కలేదు. ఊళ్లో తను కూడా నడపాలి కాబట్టి ఆటోమేటిక్ తప్పనిసరి. బండి నడిపి చూస్తే మనసు పడిపోయింది. కానీ ఎవరిని అడిగినా "డీఎస్‌జీ జోలికి పోకు, మెకట్రానిక్ (గేర్లు మార్చే కంప్యూటర్ యూనిట్) పోతే ఇల్లు గుల్ల" అంటున్నారు. ఈ మాటలో నిజమెంత? ఇంట్లో ఇదొక్కటే కారు అవుతుంది.

హైవే ప్రాణం

కొనేయండి సార్. ఈ గేర్‌బాక్సును చంపేది సిటీ ట్రాఫిక్. మీది జనగామ రోడ్డు. ఒకసారి ఆరో గేరులోనో ఏడో గేరులోనో పడితే గంటసేపు క్లచ్‌కు పనే ఉండదు. 61 వేలు హైవే మీద తిరిగిన బండి వేరు, అమీర్‌పేటలో తిరిగిన బండి వేరు. పైగా 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా ప్రాణానికి భరోసా. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో రెండు ఎయిర్‌బ్యాగుల పోలోకు 4 స్టార్లు వచ్చాయి. మీ బడ్జెట్‌లో దొరికే వేరే ఆటోమేటిక్‌లలో అంత గట్టి బాడీ ఎన్నింటికి ఉంది?

మైలేజీ మూర్తి

నేను ఒప్పుకోను. లెక్చరర్ గారు స్పష్టంగా రాశారు: ఇంట్లో ఒక్కటే కారు, ఆవిడ క్లచ్ బండి నడపలేరు. రెండో కారు ఉన్నవాళ్లు, సరదాకి కొనేవాళ్లు డీఎస్‌జీ తీసుకోవచ్చు. గేర్‌బాక్సు పోయి పది రోజులు వర్క్‌షాపులో ఉంటే వీళ్ల ఇంట్లో ఆవిడ ఆసుపత్రికి ఎలా వెళ్తారు? అదే డబ్బులో బలేనో సీవీటీ గానీ, జాజ్ సీవీటీ గానీ వెతకండి. సీవీటీ అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్. నడపడానికి అంత మజా ఉండదు, నిజమే. కానీ ఉదయం తాళం తిప్పితే కదులుతుంది. పాత కారులో నాకు అంతకన్నా ముఖ్యమైనది లేదు.

హైవే ప్రాణం

మూర్తి గారూ, సీవీటీ పోతే అదీ లక్షల పనే. డీఎస్‌జీ ఒక్కదానికే చెడ్డపేరు ఎందుకు?

మైలేజీ మూర్తి

ఎందుకంటే ఆ పేరు ఊరికే రాలేదు. 2013 మార్చి 15న చైనా ప్రభుత్వ టీవీలోనే దీని మీద ప్రోగ్రాం వచ్చింది. ఆ వెంటనే అక్కడ 3,84,181 కార్లు వెనక్కి పిలిచారు. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల బండ్లకు గేర్‌బాక్సు ఆయిల్ మార్చాలని కంపెనీయే చెప్పింది. ఇది ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు కాదు.

పాత వర్క్‌షాప్

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ వేర్వేరు జబ్బుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నారు. యూరప్ బండ్ల పని మీదే నా సంసారం నడిచింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఈ గేర్‌బాక్సు పేరు డీక్యూ200. ఏడు గేర్లు, రెండు క్లచ్‌లు. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లను చూసుకుంటుంది. రెండోది 2, 4, 6, రివర్స్. ఒక గేరులో వెళ్తుండగానే తర్వాతి గేరు రెండో వైపు సిద్ధంగా ఉంటుంది, అందుకే అంత వేగంగా పడుతుంది. ఈ క్లచ్‌లు పొడివి, ఆయిల్‌లో మునిగి ఉండవు. అంటే మామూలు మాన్యువల్ కారు క్లచ్ లాంటివే, కాకపోతే మీ కాలు చేసే పనిని మెకట్రానిక్ అనే యూనిట్ చేస్తుంది. కంప్యూటరూ, హైడ్రాలిక్ పంపూ, వాల్వులూ అన్నీ అందులోనే.

ఇక జబ్బులు. మూర్తి గారు చెప్పిన 2013 నాటి ఆయిల్ మార్పు కరెంటు సమస్యకు సంబంధించినది. ఎండ, ఉక్క, ఆగి ఆగి వెళ్లే ట్రాఫిక్ కలిసినప్పుడు అప్పటి సింథటిక్ ఆయిల్ వల్ల మెకట్రానిక్‌లో షార్ట్ వచ్చే అవకాశం ఉందని తేలి, దాని బదులు మినరల్ ఆయిల్ పోశారు. మీరు చూసిన బండి 2016ది, ఆ గొడవ తర్వాత తయారైనది. కాబట్టి ఆ రీకాల్ అంకెలు చూసి ఈ బండిని తోసిపుచ్చడం సరికాదు.

కానీ మిగతా రెండు జబ్బులు 2016 బండికీ వస్తాయి. ఒకటి క్లచ్ అరుగుదల. ఇది నడిపే తీరును బట్టి ఉంటుంది. ముందు బండి అంగుళం కదిలితే మనమూ బ్రేకు కొంచెం వదిలి అంగుళం జరిపేవాళ్లు దీన్ని తొందరగా కాల్చేస్తారు. ఆ అంగుళంలో క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతూనే ఉంటుంది. కొంచెం ఖాళీ వచ్చేదాకా ఆగి ఒకేసారి కదిలితే దానికి హాయి. రెండోది మెకట్రానిక్ లోపలి ప్రెషర్ అక్యుములేటర్. అది బిగించి ఉండే అల్యూమినియం భాగం దగ్గర పగులు వస్తే ఆయిల్ ప్రెషర్ నిలవదు. పంపు ఆపకుండా తిరుగుతుంది, స్కానర్‌లో పీ17బీఎఫ్ అనే కోడ్ వస్తుంది, చివరికి గేర్లు పడవు. హైవే ప్రాణం గారు, ఈ రెండోది ట్రాఫిక్‌లో నడిపావా హైవేలో నడిపావా అని చూడదు. హైవే బండి కాబట్టి భయం లేదనే మాట సగమే నిజం.

మొత్తం మెకట్రానిక్ మారిస్తే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. బయట రిపేరు చేసేవాళ్లు ఉన్నారు, తక్కువలో అవుతుంది, కానీ చేతిని బట్టి పని. పార్టులు దొరకవేమో అనే భయం మాత్రం వద్దు. పోలో 2022లో ఆగిపోయినా 1.5 లీటర్ల వర్టస్, టైగున్, స్లావియాల్లో ఈ కుటుంబం గేర్‌బాక్సే నడిచింది. మెకానిక్‌లకు ఇది పరిచయమైన వస్తువే.

కాబట్టి నా అభిప్రాయం: డీఎస్‌జీ పేరు చూసి కొనొద్దు, పేరు చూసి వదలొద్దు. ఈ ఒక్క బండి గేర్‌బాక్సు ఇప్పుడు ఎలా ఉందో చూసి, అది రేపు పోతే అయ్యే ఖర్చును ఇవాళే ధరలోంచి తీసేసి అడగండి. 4.6 లక్షలకు ఈ బండి ఖరీదే. 5 లక్షల్లో కనీసం లక్షన్నర గేర్‌బాక్సు కోసం బ్యాంకులో పక్కన పెట్టగలిగితేనే ముందుకెళ్లండి. పెట్టలేకపోతే బండి ఎంత బాగున్నా అది మీ బండి కాదు.

హనుమకొండ లెక్చరర్

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అన్నా, చాలా థ్యాంక్స్. బండి ఎలా ఉందో నాలాంటివాడు ఎలా కనుక్కోవాలి? విజయవాడలోని ఒక మల్టీబ్రాండ్ గ్యారేజీలో చూపిస్తే అతను బానెట్ ఎత్తి, ఒక రౌండ్ కొట్టి, "సూపర్ కండిషన్" అన్నాడు.

పాత వర్క్‌షాప్

బానెట్ ఎత్తితే డీఎస్‌జీ గురించి ఏమీ తెలియదు. ఇలా చేయండి.

ఉదయాన్నే వెళ్లండి, మీరు వెళ్లేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకోండి. స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి డి నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డికి మార్చండి. గేరు పడటానికి సెకన్ల తరబడి ఆలోచించినా, ధడ్ మని కొట్టినా నోట్ చేసుకోండి. తర్వాత బెంజ్ సర్కిల్ వైపు రద్దీలో కనీసం 40 నిమిషాలు తిప్పండి. ఈ గేర్‌బాక్సు చల్లగా ఉన్నప్పుడు పెద్దమనిషిలా ఉంటుంది. వేడెక్కాకే అసలు సంగతి బయటపడుతుంది. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు సీటు కింద వణుకు వస్తోందా చూడండి.

అన్నిటికన్నా మంచి పరీక్ష ఇంకొకటుంది. ఏదైనా అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంప్ వెతకండి. వేడిగా ఉన్న బండిని ఆ ర్యాంప్ మీద రివర్సులో నెమ్మదిగా ఎక్కించండి. రివర్సు రెండో క్లచ్ మీద ఉంటుంది, ఏటవాలులో దాని మీద పూర్తి బరువు పడుతుంది. కాలిన క్లచ్ అయితే బండి గజగజలాడుతుంది, వాసన కూడా రావచ్చు. ఎక్కేటప్పుడు మీటరులో గేరు అక్షరం మినుకుమినుకుమంటే అక్కడితో బేరం ఆపేయండి.

తర్వాత వీసీడీఎస్ (ఫోక్స్‌వ్యాగన్ బండ్లను లోతుగా స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్) గానీ, అలాంటి సామర్థ్యం ఉన్న స్కానర్ గానీ ఉన్నవాడి దగ్గరకు తీసుకెళ్లండి. వెయ్యి రూపాయల బ్లూటూత్ ఓబీడీ పుల్ల ఇంజిన్ కోడ్‌లు చెబుతుంది గానీ మెకట్రానిక్ లోపలి లెక్కలు చూపించలేదు. రెండు క్లచ్‌ల అరుగుదల విలువలు, ప్రెషర్, పాత కోడ్‌లు తీసి కాగితం మీద ఇమ్మనండి. అమ్మేవాడు ముందు రోజే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. ఇంజిన్ సెల్ఫ్‌టెస్టులు ఇంకా పూర్తికాలేదని స్కానర్ చూపిస్తే, బ్యాటరీ తీశారో, కోడ్‌లు చెరిపారో గట్టిగా అడగండి. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు రికార్డు కూడా తీయించి కిలోమీటర్లు వరుసగా పెరుగుతున్నాయో లేదో చూడండి.

స్కానింగ్‌కు ఒప్పుకోని వాడితో రెండో మాట వద్దు.

కృష్ణలంక

మా ఊరి బండి కాబట్టి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బండి ఎక్కడుందో అడిగారా? సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. వాటిలో కొన్ని శుభ్రంగా కడిగి, పాలిష్ కొట్టి అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. కడిగినా, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బురద గీత అలాగే ఉంటుంది. డ్రైవరు సీటు వెనక్కి జరిపి పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద చెమ్మ చూడండి. అప్పటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉందేమో కూడా అడగండి. నీళ్లు తాగిన బండిలో మెకట్రానిక్ కంప్యూటర్‌కు ఎవరూ హామీ ఇవ్వలేరు.

హనుమకొండ లెక్చరర్

ఇది నాకు తట్టనే లేదు. అడిగితే "మా ఇల్లు గవర్నర్‌పేటలో, నీళ్లు రాలేదు" అన్నాడు. కానీ అతను కొన్నది 2025 జనవరిలో. వరద వచ్చినప్పుడు బండి మొదటి ఓనర్ దగ్గరుండేది.

కృష్ణలంక

అయితే మొదటి ఓనర్ అడ్రసు ఎక్కడో తెలుసుకునేదాకా అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మైలేజీ మూర్తి

ఇంకో లెక్క ఎవరూ చెప్పలేదు. ఏపీ బండిని తెలంగాణకు మార్చాలంటే విజయవాడ ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, హనుమకొండలో లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గించి కట్టించుకుంటారు, అయినా పాతిక రూపాయల పని కాదు. మీరు 5 లక్షల్లో బండికి 4.6 పెడితే టాక్సుకు, టైర్లకు, మొదటి సర్వీసుకే మిగతాది సరిపోదు. పాత వర్క్‌షాప్ గారు చెప్పిన లక్షన్నర ఎక్కడినుంచి వస్తుంది?

హైవే ప్రాణం

ఈ లెక్కకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. బండి మీద నా అభిప్రాయం మారలేదు గానీ, 3.3 లక్షలు దాటితే మీ బడ్జెట్‌లో ఇది కుదరదు. వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో తెలంగాణ నంబరు ఉన్న ఇలాంటి బండే వెతికితే కనీసం టాక్సు మిగులుతుంది.

హనుమకొండ లెక్చరర్

ఇంట్లో మాట్లాడాను. నా భార్య ఒక్కటే అడిగింది: "అది రోడ్డు మీద ఆగితే నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏం చేయాలి?" టో సర్వీసు నంబరు ఇస్తే సరిపోయే ప్రశ్న కాదు అది. ఆదివారం విజయవాడ వెళ్తున్నాను. స్కాన్, ర్యాంప్, సీటు బెల్టు, మొదటి ఓనర్ అడ్రసు, నాలుగూ చూస్తాను. అన్నీ బాగుంటే 3.3 లక్షలు చెబుతాను, ఒక్క పైసా ఎక్కువ కాదు. దిగకపోతే మూర్తి గారు చెప్పిన జాజ్ సీవీటీ ఒకటి కాజీపేటలోనే ఉంది, దాన్ని చూస్తాను.

పాత వర్క్‌షాప్

మంచి నిర్ణయం. స్కాన్ కాగితం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, క్లచ్ విలువలు నేను చూసి చెబుతాను. జాజ్‌ను కూడా సీవీటీ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు చూడకుండా కొనకండి.

మైలేజీ మూర్తి

స్కాన్ బాగా వచ్చినా నా ఓటు జాజ్‌కే, ఆవిడ అడిగిన ప్రశ్న వల్ల. ఏది కొన్నా బండి పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆ ఫైనాన్స్ తీసేయడానికి ఫారం 35 కూడా తీసుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదకు మార్పించుకోండి. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా ప్రీమియం కూడా లెక్కలో వేసుకోండి.