'వేరియేషన్' అంటే 'సంగతి' అనొచ్చా? 1899 నాటి ఒక పొడుపు గురించి

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

మా అమ్మాయి వాయించే పిల్లల ఆర్కెస్ట్రా ఈసారి ఇంగ్లండు స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ రాసిన 'ఎనిగ్మా వేరియేషన్స్' (ఒకే వరసను రకరకాలుగా మార్చి చూపించే రచన) నుంచి 'నిమ్రాడ్' అనే తొమ్మిదో భాగం ఎత్తుకుంది. "అదేం పాటే?" అని ఊళ్ళో ఉన్న మా అమ్మ ఫోన్లో మనవరాలిని అడిగింది. అమ్మకి చదివి వినిపించేలా తెలుగులో ఒక అరపేజీ రాద్దామని కూర్చున్నాను. పేరు దగ్గరే ఆగిపోయాను.

ముందు కథ చెప్తాను. 1898 అక్టోబరు 21. ఎల్గార్ అప్పుడు ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో ఉండేవాడు, వయొలిన్ పాఠాలు చెప్పేవాడు. ఆ రోజు పాఠాలు ముగించి అలసిపోయి ఇంటికొచ్చి, పియానో ముందు కూర్చుని తోచినట్టు ఏదో వాయిస్తున్నాడు. భార్య ఆలిస్ చెవిలో ఒక వరస పడింది. అదేమిటని అడిగింది. ఏమీ లేదు, దీంతో ఏదైనా చేయొచ్చేమో అన్నాడు. ఆమెను నవ్వించడానికి, ఇదే వరస మన ఫలానా స్నేహితుడి చేతిలో పడితే ఎలా ఉంటుందో చూడు అంటూ ఒక్కొక్కరి తీరులో వాయించి చూపించాడు. ఆ సరదాయే పెరిగి 14 భాగాల రచన అయింది. 1899 జూన్ 19న లండన్ సెయింట్ జేమ్స్ హాల్లో హాన్స్ రిక్టర్ ఆర్కెస్ట్రా ముందు నిలబడి దాన్ని నడిపించాడు. ఎల్గార్‌కి అప్పటికి 42 ఏళ్ళు. అదే ఏడు అక్టోబరులో నారిచ్‌లో గాయని క్లారా బట్ అతని 'సీ పిక్చర్స్' పాటలు కూడా పాడింది. విక్టోరియా రాణి కాలం ముగిసిపోతున్న రోజుల్లో, వూస్టర్‌లో సంగీత వాయిద్యాల దుకాణం నడిపినాయన కొడుక్కి అలా పేరొచ్చింది.

ఇక మాట సంగతి. నిఘంటువుల్లో 'భేదం', 'రూపాంతరం', 'వైవిధ్యం' దొరికాయి. ఒక్కదానికీ పాట వాసన లేదు. మనకున్న మాట 'సంగతి'. త్యాగరాజు 'చక్కని రాజమార్గము' పల్లవిని ఒకసారి పాడి, అదే పంక్తిని మళ్ళీ కొంచెం మార్చి, మళ్ళీ ఇంకొంచెం పెంచి పాడతారు చూడండి, ఒక్కో మార్పూ ఒక్కో సంగతి. అందుకని 'పద్నాలుగు సంగతులు' అని రాసి అమ్మకి చదివాను.

"ఎవరెవరి సంగతులే?" అంది అమ్మ.

ఆ సంగతులు కాదమ్మా అనబోయి ఆగిపోయాను. నిజానికి అవి ఆ సంగతులే! లోపల చిత్రించిన నా స్నేహితులకు అంటూ ఎల్గార్ ఈ రచనను అంకితమిచ్చాడు. చాలా భాగాల మీద ఒక్కొక్కరి పొడి అక్షరాలుంటాయి. పదోది డోరా పెన్నీ అనే అమ్మాయిది. ఆమెకి మాట కాస్త తడబడేది, అక్కడ ఫ్లూట్లూ క్లారినెట్లూ కూడా తడబడతాయి. పదకొండోది హియర్‌ఫర్డ్ చర్చి ఆర్గన్ వాద్యకారుడు సింక్లెయర్ పేరుమీద ఉన్నా, అందులో ఉన్నది ఆయన బుల్‌డాగ్ డాన్. ఏటవాలు గట్టు మీంచి వై నదిలోకి జారిపడుతుంది, ఎదురీదుతుంది, ఒడ్డెక్కి సంతోషంగా మొరుగుతుంది. జారడం మొదటి బార్‌లో (తాళపు కొలతలో) ఉంటే, మొరగడం ఐదో బార్‌కల్లా వచ్చేస్తుంది. కుక్క సంగతి కూడా సంగతే మరి. పాట మార్పుకీ, మనిషి కబురుకీ ఒకే మాట ఉండటం మన భాష చేసుకున్న భాగ్యం.

'ఎనిగ్మా'కి 'ప్రహేళిక' అంటారు కానీ నా ఓటు 'పొడుపు'కే. అసలు వరస మీద ఆ మాట రాసిపెట్టి, ఈ రచన మొత్తం మీదుగా ఇంకో పెద్ద వరస సాగుతుంది గాని అది వాయించబడదు అన్నాడు ఎల్గార్. ఆ వరస ఏదో చెప్పకుండానే 1934లో వెళ్ళిపోయాడు. పొడిచినవాడే విప్పాలి కదా, ఇక్కడ విడుపు లేదు. మీరేమంటారు?

వీణ నేర్చుకున్న ఒక సభ్యురాలి వ్యాఖ్య:
ఆలోచన బాగుంది గాని నాకు ఒప్పుదల లేదండి. సంగతిలో రాగం మారదు, తాళం మారదు, సాహిత్యం అదే. ఒకదాని మీద ఒకటి మెట్లెక్కినట్టు పెరగాలి. ఎల్గార్ దగ్గర స్థాయి మారుతుంది, నడక మారుతుంది. నాలుగోది వింటే అరనిమిషంలో ఎవరో విసురుగా తలుపు వేసి వెళ్ళినట్టుంటుంది. దాన్ని సంగతి అంటే రేపు పిల్లలు అసలు సంగతినే తప్పుగా అర్థం చేసుకుంటారు.

నా జవాబు:
మీరన్నది నిజమండి. తలుపు మాట కూడా నిజమే, అది ఆ రోజు కార్యక్రమం చదివేసి, తలుపు దబాలున వేసుకుని హడావిడిగా వెళ్ళిపోయిన పెద్దమనిషి బొమ్మే. శాస్త్రం రాసే చోట 'వేరియేషన్' అని తెలుగు లిపిలో ఉంచేద్దాం. ఇంట్లో చెప్పుకునే చోట మాత్రం 'సంగతి' వదులుకోలేను.

మరొకరి వ్యాఖ్య:
తొమ్మిదోదాన్ని 'నిమ్రాడ్' అని రాయకండి. తెలుగు బైబిలు ఆదికాండములో ఆ పేరు 'నిమ్రోదు' అని ఎప్పుడో స్థిరపడింది, 'పరాక్రమముగల వేటగాడు'. ఆ భాగం నోవెల్లో ప్రచురణ సంస్థలో పనిచేసిన యేగర్‌ది. జర్మనులో యేగర్ అంటే వేటగాడే. ఇంటిపేరుతో ఆడిన ఆట అది.

నా జవాబు:
చాలా సంతోషం, అమ్మకి రాసిన అరపేజీలో మార్చేశాను. మా అమ్మాయి వాయిస్తున్నది ఆ నిమ్రోదే. యేగర్ పట్టుబట్టాడనే ఎల్గార్ చివరి భాగాన్ని ఇంకా పెంచి రాశాడు. ఆ ఆఖరి భాగం ఎల్గార్ తన మీద తాను రాసుకున్నది.

ఒక్కటి మిగిలింది. పదమూడోదానికి పేరు లేదు, మూడు నక్షత్రపు గుర్తులే ఉన్నాయి. అప్పుడు ఓడ ప్రయాణంలో ఉన్న ఒకావిడ అని ఎల్గార్ రాశాడు. డ్రమ్ము ఓడ ఇంజనులా సన్నగా మూలుగుతుంటే దానిమీద క్లారినెట్ మెండెల్సన్ పాత వరసొకటి ఎత్తుకుంటుంది. నక్షత్రాలను ఎలా చదవమంటావని అమ్మనే అడిగాను. "పేరు చెప్పకూడదనుకుంటే ఫలానా వారి సంగతి అనరాదూ" అంది. అలాగే రాశాను.