పాదు: గుంటకు పేరా, తీగకు పేరా?

‘బీరపాదు’ అన్నప్పుడు పాదు అనే మాట తీగను చెబుతుందా, తీగ మొదట్లో తవ్విన గుంటను చెబుతుందా అని నిన్న మన చర్చా బృందంలో ఒక సభ్యులు అడిగారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాటను నమ్ముకొని, బెంగళూరులో మా ఇంటి వెనుక ఉన్న రెండు సెంట్ల పెరట్లో ఈ వారమే గింజలు పెడుతున్నాను కనుక, కాస్త వివరంగా రాస్తున్నాను. (ఇక్కడ జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి, ఆ చలిలో బీరగింజ మొలవడానికి మొండికేస్తుంది.)

మొదటి అర్థం గుంటే. మొక్క మొదలు చుట్టూ నీరు నిలిచేలా మట్టిని తీసి, అంచున కట్ట వేసిన పల్లం పాదు. కొబ్బరిచెట్టుకూ పాదు తీస్తాం. అంతమాత్రాన ఆ చెట్టును ఎవరూ కొబ్బరిపాదు అనరు. మరి బీర, సొర, పొట్ల, కాకరలకు మాత్రం ఆ పేరు ఎందుకు అంటుకుంది? నాకు తోచిన కారణం సాగు పద్ధతిలోనే ఉంది. వంగ, మిరప, టమాటా, బంతి నారుమడిలో పుట్టి మరొక చోట కాపురం పెడతాయి. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్న సామెత ఈ తెగ మొక్కలదే. తీగజాతికి సాధారణంగా పాదు తీసి, అందులోనే మూడు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచుతారు. పుట్టిన చోటే చివరి కాపు దాకా బతికే తీగకు ఆ చోటి పేరే వచ్చింది. వంగతోట, బంతితోట అంటామే గాని, వంగపాదు అనడం నేనెన్నడూ వినలేదు. మా అమ్మ చిత్తూరు వైపు మాటగా సొరపాదు అంటే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా అత్తగారు ఆనపపాదు అంటారు. కాయ పేరు మారినా పాదు మారలేదు.

మా పెరట్లో తవ్వడానికి వచ్చిన కన్నడ తోటమాలి ‘పాతి మాడోణ’ అన్నప్పుడు, ఆయన పందిరికి రాట పాతుతారు కాబోలని పక్కకు తప్పుకున్నాను. తీరా చూస్తే ఆయన తీసింది పాదే. కన్నడంలో పాతి, తమిళంలో పాత్తి ఇదే కుటుంబపు మాటలు. తమిళంలో అది ఎక్కువగా మడిని చెబుతుంది.

చర్చలో మరొకరు ‘పాదుకొను’ అనేది సంస్కృత పాదం నుంచి వచ్చిందన్నారు. నేను అంగీకరించలేను. నెలకొను, నెలకొల్పు అన్న జంట పక్కన పాదుకొను, పాదుకొల్పు అన్న జంటను పెట్టి చూడండి; తెలుగు నామానికి తెలుగు క్రియ చేరిన తీరు స్పష్టంగా కనిపిస్తుంది. మొక్క పాదులో కుదురుకున్నట్లు భావం మనసులో కుదురుకోవడమే పాదుకోవడం. పాదుకలకు దీనితో సంబంధం లేదు.

విచిత్రమేమిటంటే, పాదుకు సంస్కృత పర్యాయమైన ‘ఆలవాలం’ కూడా ఇదే దారి పట్టింది. కాళిదాసు శాకుంతలం మొదటి అంకంలో ఆశ్రమవృక్షాల ఆలవాలాలను నింపే పని శకుంతలకు పెట్టారని ఆమె చెలికత్తె అనసూయ అంటుంది. అక్కడ అది అచ్చంగా నీళ్ల పాదే. మన పత్రికల్లో మాత్రం ఫలానా ఊరు కళలకు ఆలవాలం, ఫలానా కార్యాలయం అవినీతికి ఆలవాలం అని, నిలయమనే అర్థంలోనే వాడుతున్నారు. అవినీతికి ఆలవాలం అనడం నాకు కొంచెం చేదుగా తోస్తుంది గాని, తప్పనలేను.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, ఈ ఊళ్లో మేడమీద ప్లాస్టిక్ తొట్లలో బీర పెంచే తెలుగువారు చాలామంది ఉన్నారు. తొట్టే నీటిని పట్టి ఉంచుతుంది కనుక వారు పాదు తీయవలసిన అవసరమే రాదు. అయినా ‘మా బీరపాదు పిందె వేసింది’ అనే చెబుతారు. వారి నోట పాదు అంటే పూర్తిగా తీగే.