విల్లిస్ వలయం ఉన్నా మెదడుకు రక్తం ఎందుకు అందలేదు?

మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సోమవారం అనాటమీ ఇంటర్నల్. మెదడుకు రక్తం తెచ్చే ధమనుల్లో మెడ ముందువైపు నుంచి రెండు కెరోటిడ్‌లు, వెనక వెన్నుపూసల గుండా రెండు వెర్టిబ్రల్‌లు వస్తాయి. వెర్టిబ్రల్‌లు రెండూ కలిసి బేసిలర్ అవుతాయి. ఇవన్నీ మెదడు అడుగున వలయంగా కలుస్తాయి, అదే విల్లిస్ వలయం. ఇంతవరకు ఓకే. బొమ్మ నాలుగుసార్లు గీశాను. జొన్నపిండితో చేస్తే విరిగిపోయింది, గోధుమపిండితో మళ్లీ చేశాను!

ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి నుంచి రక్తం వస్తుందని పుస్తకంలో ఉంది. మరి వార్డులో ఒక పేషెంట్‌కు ఎడమ మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీలో (మెదడు పక్కభాగానికి రక్తం ఇచ్చే ధమని) రక్తపు గడ్డ అడ్డుపడి కుడి చెయ్యి, మూతి పడిపోయాయి, మాట పోయింది. కాలు మాత్రం కొంచెం కదులుతోంది. కాలిని కదిలించే మెదడు భాగానికి రక్తం ఇచ్చేది యాంటీరియర్ సెరిబ్రల్ అనే వేరే ధమని కాబట్టి అది అర్థమైంది. సీనియర్ అక్కను అడిగితే "బట్టీ పట్టి రాసెయ్" అంది.

కుడి కెరోటిడ్ బాగానే ఉన్నప్పుడు, ఆ రక్తం వలయం గుండా వచ్చి ఎడమవైపును ఎందుకు కాపాడలేకపోయింది?