కల్చర్‌లో బ్యాక్టీరియా లేదన్నారు, మరి మోకాలు ఎందుకు వాచింది?

ప్రశ్న (మలక్‌పేట నుంచి)
అందరికీ నమస్కారం. వానలకు మా వీధిలో నల్లా నీళ్లు కలుషితమైనప్పుడు మా తమ్ముడికి జ్వరం, విరేచనాలు వచ్చి వారంలోపే తగ్గాయి. రెండు మూడు వారాల తరువాత కుడి మోకాలు, ఎడమ మడమ వాచి, పొద్దున లేవగానే అడుగు వేయలేకపోతున్నాడు. మోకాలి నుంచి నీరు తీసి కల్చర్‌కు (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపితే బ్యాక్టీరియా ఏదీ పెరగలేదని, ఇది రియాక్టివ్ ఆర్థ్రైటిస్ (ఇన్ఫెక్షన్ తరువాత కీళ్లు వాచే జబ్బు) అని డాక్టరు గారు చెప్పారు. కీలులో బ్యాక్టీరియా లేనప్పుడు ఈ వాపు ఎలా వచ్చింది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (మైక్రోబయాలజీ అధ్యాపకురాలు, తార్నాక)
కల్చర్‌లో పెరగాలంటే బ్యాక్టీరియా బతికి ఉండాలండి. కీలు వాచడానికి మాత్రం దాని శకలాలు చాలు. సాల్మొనెల్లా, షిగెల్లా, యెర్సీనియా, క్యాంపైలోబ్యాక్టర్ వంటి పేగు బ్యాక్టీరియా బయటి పొరలో లైపోపాలీశాకరైడ్, లేదా దాన్ని పోలిన కొవ్వు-చక్కెర పదార్థం, ఉంటుంది. బ్యాక్టీరియాను మింగిన తెల్లరక్తకణాలు ఈ పదార్థాన్ని పూర్తిగా విచ్ఛిన్నం చేయలేక, రక్తం ద్వారా కీళ్లదాకా మోసుకొస్తాయని భావిస్తున్నారు. యెర్సీనియా సోకాక కీళ్లు వాచిన రోగుల కీలు ద్రవంలోని కణాల్లో, కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా, ఆ బ్యాక్టీరియా అంశాలు ఉన్నాయని 1989లో ఫిన్లాండ్ పరిశోధకులు చూపించారు. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలైన జవాబు అదే. రోగనిరోధక కణాల మీదుండే టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం లైపోపాలీశాకరైడ్‌ను గుర్తించగానే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు కలిగించే పదార్థాలు విడుదలై, రక్తనాళాల నుంచి ద్రవం ఊరి, కీలు ఉబ్బి నొప్పి పెడుతుంది.

అడిగినవారు
ధన్యవాదాలు మేడమ్. అయితే యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడితే ఆ శకలాలు పోతాయా?

జవాబు (రుమటాలజీ వైద్యుడు, సికింద్రాబాద్)
పోవండి. యాంటీబయాటిక్ బతికున్న బ్యాక్టీరియాను చంపుతుందే తప్ప, మిగిలిన పదార్థాన్ని తొలగించలేదు. అమెరికాలో కనిపించే, పిడుదు పురుగు కాటుతో సోకే లైమ్ అనే బ్యాక్టీరియా వ్యాధిలో, చికిత్స పూర్తయిన రోగుల కీలు ద్రవంలో కూడా బ్యాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్ మిగిలి ఉంటుందని 2019లో వెల్లడైంది. పేగు ఇన్ఫెక్షన్ తరువాత వచ్చే ఈ జబ్బుకు సాధారణంగా నాప్రోక్సెన్ వంటి వాపు తగ్గించే మందులు, అవసరమైతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి కొన్ని నెలల్లో నయమవుతుంది. లైంగికంగా సోకే క్లామిడియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చినదైతే ఆ ఇన్ఫెక్షన్‌కు మాత్రం యాంటీబయాటిక్ తప్పనిసరి. హెచ్‌ఎల్‌ఏ-బీ27 జన్యువు ఉన్నవారిలో జబ్బు తీవ్రంగా, ఎక్కువ కాలం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ పరీక్ష గురించి మీ డాక్టరు గారిని అడగండి. కళ్లు ఎర్రబడినా, మూత్రంలో మంట ఉన్నా ఆయనకు చెప్పండి. మళ్లీ జ్వరం వచ్చి ఒక కీలు వేడెక్కి కదలనివ్వకపోతే, అది బతికున్న బ్యాక్టీరియా చేరిన సెప్టిక్ ఆర్థ్రైటిస్ కావచ్చు. మృదులాస్థి రోజుల్లోనే దెబ్బతింటుంది కనుక అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.