పక్కింటివాళ్ళు ఇచ్చేస్తున్న కాక్‌టీల్‌ని తెచ్చుకోవచ్చా? (ఎంవీపీ కాలనీ, వైజాగ్)

సాగర్17
ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో ఒకళ్ళు ఊరు మారుతూ, తల మీద జుట్టు ఉండే చిన్న చిలక జాతి పక్షి అయిన కాక్‌టీల్‌ని ఇచ్చేస్తామంటున్నారు. లేత పసుపు రంగు, ఎర్ర కళ్ళు. రొమ్ము మీద ఈకలు పీక్కుంది, జుట్టు వెనక బోడి మచ్చ ఉంది. పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఏదీ ముట్టదట. వాచ్‌మన్ దగ్గర రెక్కలు కత్తిరించిన రామచిలక కూడా ఉంది. రెండూ తెస్తే తోడుగా ఉంటాయి కదా?

గువ్వలగూడు
చిలక మాట మర్చిపో తమ్ముడూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకని ఇంట్లో ఉంచుకోవడం నేరం, జాలిపడి తెచ్చినా సరే. అటవీశాఖకి అప్పగించమని వాచ్‌మన్‌కి నచ్చజెప్పు. నువ్వే మేడ మీంచి వదిలెయ్యకు, కొత్త ఈకలు రాకుండా ఎగరలేదు, కాకులు పొడిచేస్తాయి.

కాక్‌టీల్ విదేశీ పక్షి, పెంచుకోవచ్చు. నువ్వు చెప్పింది లుటినో రకం, వాటిలో చాలావాటికి జుట్టు వెనక బోడి మచ్చ పుట్టుకతోనే ఉంటుంది. తన తల తన ముక్కుకి ఎలాగూ అందదు! రొమ్ముది మాత్రం డాక్టర్‌కి చూపించాలి. పశువుల డాక్టర్లందరూ పక్షుల్ని చూడరు, ఫోన్ చేసి అడిగి వెళ్ళు. ఆ రోజు రెట్ట కాగితంతో సహా పట్టుకెళ్ళు. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పసుపుగానో లేత ఆకుపచ్చగానో ఉంటే కాలేయం తేడా చేసిందేమో చూడాలి. ఊపిరి తీస్తుంటే తోక కిందికీ పైకీ ఊగుతోందా, ఆ రోజే పరుగెత్తు.

కొర్రలబుట్ట
తిండి ఒక్కసారిగా మార్చకండి. తెలియని తిండిని తిండిగా గుర్తించక, గిన్నె నిండా ఉన్నా పస్తుంటుంది. ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా కొనండి, రోజూ పొద్దున్న మేత పెట్టకముందే తూచండి. 90 గ్రాముల పక్షి 81కి దిగితే మార్పు ఆపి డాక్టర్‌ని అడగాలి.

మొదట పాత గింజలు ముప్పావు వంతు, కొర్రలు, సామలు, సజ్జలు పావు వంతు. తింటుందని తేలాకే వాటా పెంచండి, పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసిన గుళికల మేత) ఆ తర్వాత. మునగాకు, తోటకూర, తురిమిన క్యారెట్ పొద్దున్నే పెట్టి రెండు గంటల్లో తీసెయ్యండి. మన ఉక్కకి పులిసిపోతాయి. గింజలకీ అంతే, బూజు వాసన కొంచెం వచ్చినా పారబొయ్యండి. ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరితే నయం చెయ్యడం కష్టం. అవకాడో, చాక్లెట్, ఉప్పు వద్దు.

బీచ్‌రోడ్‌బాబాయ్
పంజరం రెండడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి, ఊచల మధ్య అరంగుళం. ఉప్పుగాలికి జింకు పూత తెల్లగా పొడి రాలుతుంది, పక్షి దాన్ని నాకితే విషమే. స్టీలుదో పౌడర్ కోటింగ్‌దో చూసుకో. కూర్చోడానికి నున్నటి పైపు కాకుండా వేర్వేరు లావుల జామ కొమ్మలు కట్టు. గన్నేరు కొమ్మ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

వంటింటి పక్క పెట్టకు బాబూ, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగకి నిమిషాల్లో చచ్చిపోతుంది. దోమల చక్రం, అగరొత్తులు కూడా ఆ గదిలో వద్దు. బయటికి వదిలినప్పుడు ఫ్యాన్ ఆపాలి. రాత్రి చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంటాయి కాబట్టి చిన్న బెడ్‌లైట్ ఉంచు.

దీని ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఈ పక్షి వద్దు. రెట్ట కాగితం తడిపి తియ్యి, పొడిగా గీకితే ఆ దుమ్ము మనకీ జ్వరం తెప్పించగలదు. ఇంకో మాట, బాగా చూస్తే ఇది 15, 20 ఏళ్ళు బతుకుతుంది. నువ్వు ఇంజనీరింగ్‌కని హాస్టల్‌కి వెళ్తే గిన్నె కడిగేదెవరో, ముందు అమ్మని అడుగు.