అటక మీది పాత వీడియో గేమ్: ఊదితే ఎందుకు పనిచేసేది? మీకు బాగా గుర్తున్న ఆట ఏది?

ప్రశ్న

గత వారం అటక సర్దుతుండగా, చిన్నప్పుడు అన్నయ్యా నేనూ ఆడుకున్న వీడియో గేమ్ పెట్టె బయటపడింది. నింటెండో వారి ఫ్యామికామ్‌కు నకలుగా తయారైన యంత్రం అది. మూత మీది అక్షరాలు చెరిగిపోయాయి కానీ, తెగిన కంట్రోలర్ తీగకు అన్నయ్య చుట్టిన ఇన్సులేషన్ టేపు మాత్రం జిగురు కారుతూ అలాగే ఉంది. దానితోపాటు మూడు క్యాసెట్లు (అప్పట్లో క్యాట్రిడ్జ్ అనే మాట మాకు తెలియదు), ఒక ప్లాస్టిక్ తుపాకీ దొరికాయి.

టీవీకి తగిలించి స్విచ్ వేయగానే తెర నిండా రంగురంగుల గళ్ళు వచ్చాయి. పాత అలవాటు కొద్దీ క్యాసెట్ తీసి, అడుగున నోటితో గట్టిగా ఊది మళ్ళీ పెట్టాను, మారియో ప్రత్యక్షమయ్యాడు. "ఊదితే ఎందుకు వచ్చింది?" అని మా అబ్బాయి అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. ఆ తరువాత ఎగిరే బాతులను కాల్చే డక్ హంట్ ఆట పెట్టి, తుపాకీని తెరకు ఆనించి మరీ కాల్చినా ఒక్క బాతు కూడా పడలేదు. ఈ రెండింటికీ కారణం తెలిసినవారు వివరించగలరు.

అలాగే మీకు అన్నిటికంటే గుర్తున్న ఆట ఏదో కూడా చెప్పండి. నాకైతే 1985లో నామ్కో విడుదల చేసిన బ్యాటిల్ సిటీ. ఒక్కో అంకంలో 20 శత్రు ట్యాంకులు వచ్చేవి, తెర అడుగున ఇటుకల మధ్య ఉన్న గద్దను మేమిద్దరం కాపాడాలి. అన్నయ్య పైకి వెళ్ళి యుద్ధం చేసేవాడు, నేను గద్ద దగ్గర కాపలా ఉండేదాన్ని. కంగారులో ట్యాంకును వెనక్కి తిప్పి మా గద్దను నేనే కాల్చేసిన సందర్భాలకు లెక్కలేదు. మన గుండు తగిలినా గద్ద పోతుంది, ఆట అక్కడితో అయిపోతుంది.

మొదటి సమాధానం

మొదటి సందేహానికి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను, ఎందుకంటే పాత యంత్రాలు బాగుచేయడం నాకు వ్యసనం. క్యాసెట్ లోపలి సర్క్యూట్ బోర్డు అంచున వరుసగా లోహపు పట్టీలు ఉంటాయి; ఫ్యామికామ్‌లోనూ దాని నకళ్ళలోనూ అవి 60. వాటిలో ఒక్కటి సరిగా ఆనకపోయినా ప్రాసెసర్ చదివే సమాచారం తప్పిపోతుంది, మీరు చూసిన గళ్ళు అవే. మీరు ఊదినందువల్ల అది పనిచేయలేదు. తీసి మళ్ళీ పెట్టినందువల్ల పనిచేసింది. ఆ రాపిడికి పట్టీల మీది మురికి కొంత చెరిగి, పిన్నులు కొత్త చోట ఆనుతాయి. ఊపిరిలోని తేమ ఒక క్షణం తోడ్పడితే తోడ్పడవచ్చు, కానీ కాలక్రమంలో అదే తేమ లోహాన్ని తినేస్తుంది.

1985లో అమెరికాకు వెళ్ళిన ఎన్‌ఈఎస్‌ది (ఫ్యామికామ్‌కే అమెరికా రూపం) ఇంకో కథ. క్యాసెట్‌ను ముందునుంచి లోపలికి తోసి కిందికి నొక్కే ఏర్పాటు అది. అందులోని 72 పిన్నుల సాకెట్ త్వరగా వదులైపోయేది. పైగా క్యాసెట్ అసలుదో కాదో పరీక్షించే చిప్పు కూడా ఉండటంతో, పట్టు సరిగా దొరకనప్పుడల్లా యంత్రం సుమారు సెకనుకొకసారి మళ్ళీ మొదలవుతూ ఎర్రదీపం మిణుకుమిణుకుమనేది.

ఇకపై దయచేసి ఊదకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో పట్టీలను తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దవద్దు, పైపూత పోతుంది. ఆ తప్పు నేనే చేసి ఒక మంచి క్యాసెట్‌ను పోగొట్టుకున్నాను.

రెండవ సమాధానం

తుపాకీలో దోషం ఉండకపోవచ్చు, మీ టీవీ కొత్తది కావడమే కారణం. ఆ తుపాకీ నుంచి ఏదీ బయటికి రాదు. అది తెర వెలుగును చూసే కన్ను మాత్రమే. మీరు ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక ఫ్రేమ్ పాటు పూర్తిగా నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం వెలుగుతుంది. ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనిపిస్తేనే దెబ్బ తగిలినట్లు లెక్క. తుపాకీని బల్బు వైపు తిప్పి మోసం చేద్దామనుకున్న పిల్లల ఆటలు సాగకపోవడానికి ఆ నల్లటి ఫ్రేమే కారణం. ఇదంతా పిక్చర్ ట్యూబు టీవీ వేగానికి సరిపోయేలా రూపొందించినది. నేటి తెరలు బొమ్మను కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపుతాయి. తుపాకీ చూసే వేళకు అక్కడ చతురస్రం ఇంకా వచ్చి ఉండదు.

డక్ హంట్‌తో నాకొక పాత బాకీ ఉంది. ఒక్క బాతు ఎగిరే ఆటలో, తుపాకీతోపాటు తగిలించిన కంట్రోలర్‌తో ఆ బాతును ఎటు కావాలంటే అటు నడిపించవచ్చు. మా అక్కకు ఈ సంగతి తెలుసు, నాకు తెలియదు. దుప్పటి కింద కంట్రోలర్ దాచుకుని, నేను గురిపెట్టినప్పుడల్లా బాతును పక్కకు తప్పించి, "నీకు గురి లేదురా" అని నిట్టూర్చేది. ఆమె పెళ్ళికి ముందురోజు రాత్రి గానీ ఈ నిజం ఒప్పుకోలేదు.

మూడవ సమాధానం

గుర్తున్న ఆటల్లో నా ఓటు కాంట్రా అనే కాల్పుల ఆటకు. తెర మీద శత్రువులు ఎక్కువైనప్పుడు గుండ్లు మాయమవుతూ మళ్ళీ కనిపిస్తూ ఉండేవి. మేము క్యాసెట్ పాడైందనుకుని పదే పదే తీసి పెట్టేవాళ్ళం. నిజానికి ఆ యంత్రం ఒక అడ్డగీతలో ఎనిమిది కదిలే బొమ్మలనే చూపగలదు కనుక, అంతకు మించితే వంతులవారీగా చూపేలా ఆటను రాసేవారు. ముప్పై ప్రాణాలిచ్చే 'పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ' సంకేతాన్ని ఎక్కాలకంటే ముందు కంఠస్థం చేశాను. కొనామీ సంస్థలో ఆటలు తయారుచేసే కజుహిసా హషిమోతో 1986లో గ్రాడియస్ ఆటను పరీక్షించడం కష్టమై, తన సౌకర్యం కోసం పెట్టుకున్న సంకేతమట అది.

సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. పొదుపు కోసం మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు. ఆటను దాచుకునే వీలు లేనందున, ఎనిమిదో లోకం దాకా వెళ్ళిన రోజు టీవీ ఆపి, పెట్టెను మాత్రం ఆన్‌లోనే ఉంచి, దీపం కనిపించకుండా తువ్వాలు కప్పి పడుకున్నాను. తెల్లవారేసరికి తువ్వాలు మడత పెట్టి ఉంది, స్విచ్ ఆపేసి ఉంది. ప్రాణాలన్నీ పోయాక మొదటి తెరలో ఎ బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఓడిన లోకం మొదటి అంకం నుంచే మళ్ళీ ఆడవచ్చని పాతికేళ్ళ తరువాత చదివి, కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

నాలుగవ సమాధానం

ఒక్క చిన్న మాట: '9999999 ఆటలు' అని రాసి ఉన్న క్యాసెట్‌ను నమ్మి, జాబితా చివరిదాకా వెళ్ళాలని ఒక మధ్యాహ్నమంతా కిందికి బటన్ నొక్కినవాడిని నేను. అందులోని అసలు ఆటలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అదే మారియో వేరే అంకం నుంచి మొదలైతే దానికొక కొత్త పేరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. దూదిపుల్లతో తుడిచాక మూడు క్యాసెట్లూ మొదటిసారికే వచ్చాయి. తెలిసినవారింట మూలన పడి ఉన్న పిక్చర్ ట్యూబు టీవీ తెచ్చి పెట్టాం, మూడో గుండుకే బాతు పడింది. ఇప్పుడు మా అబ్బాయి బ్యాటిల్ సిటీలో సొంతంగా అంకాలు కట్టుకునే భాగం కనిపెట్టి, గద్ద చుట్టూ ఉక్కు గోడలు పేరుస్తున్నాడు. అన్నయ్యకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, "మంచి పని చేశాడు, వాళ్ళమ్మ వైపు కూడా ఒక గోడ కట్టమను" అన్నాడు.